బీపీ గోలి వేసుకున్నాక లేవగానే కళ్లు తిరుగుతున్నాయా? పడుకొని, నిలబడి బీపీ చూసుకోవడం ఎలా

“సిస్టర్, గోలి మార్చినకాంచి మంచం మీదికెళ్లి లేస్తే కండ్లకు చీకట్లొస్తున్నయి. బంద్ చేయాల్నా?” హన్మకొండలో, పరకాలలో, జమ్మికుంటలో, ఎక్కడ బీపీ మాట ఎత్తినా నన్ను ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. గోలి మారింది అంటే చాలాసార్లు మూత్రం గోలి (ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రంలో బయటికి పంపే మందు) కలిసింది అని అర్థం. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు: మీ అంతట మీరు గోలి బంద్ చేయకండి. అలాగని కళ్లు తిరగడాన్ని ‘నీరసంలే’ అని వదిలేయకండి. ఆస్పత్రిలో కుర్చీలో కూర్చోబెట్టి చూసిన బీపీలో ఈ సమస్య కనిపించదు. పడుకున్నప్పుడు ఎంత, నిలబడ్డాక ఎంత అని రెండూ చూస్తేనే దొరుకుతుంది. ఇంట్లో పది నిమిషాల పని.

మీరు వేసుకునేది మూత్రం గోలేనా?

స్ట్రిప్ వెనక్కి తిప్పి మందు పేరు చదవండి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ అనేవి బీపీకి ఎక్కువగా ఇచ్చే మూత్రం మందులు. ఫ్యూరోసమైడ్, టోర్సమైడ్ గట్టివి, కాళ్ల వాపు, గుండె, కిడ్నీ సమస్యలున్నవారికి రాస్తారు. స్పైరోనోలాక్టోన్ ఇంకో రకం. చాలామందికి మూత్రం మందు విడిగా ఉండదు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందుతో ఒకే గోలిలో కలిసి ఉంటుంది. పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే అదే అయి ఉండవచ్చు. చదవడం కష్టమైతే మెడికల్ షాపులో “ఇందులో మూత్రం మందు కలిసిందా?” అని అడగండి.

అసలు ఏమవుతుంది (ఇంతవరకు తెలిస్తే చాలు)

మీరు నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల్లో, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని వంపులో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. ఒత్తిడి తగ్గిందని అవి మెదడుకు కబురు పంపుతాయి. వెంటనే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ నిలబడుతుంది. దీన్నే బేరోరిఫ్లెక్స్ అంటారు. మనకు తెలియకుండానే రోజుకు వందసార్లు జరిగే పని ఇది.

మూత్రం గోలి ఈ నరాలను చెడగొట్టదు. ఒంట్లోని ఉప్పును, నీటిని బయటికి పంపి రక్తం పరిమాణాన్ని తగ్గిస్తుంది. ట్యాంకు నిండా నీళ్లుంటే మిద్దె మీది నల్లాకు కూడా ధార వస్తుంది. ట్యాంకు సగానికి దిగితే మోటారు ఎంత బాగున్నా పైకి ధార సన్నగిల్లుతుంది. మొదటి కొన్ని వారాల్లో ఈ తగ్గుదల ఎక్కువ. తర్వాత శరీరం సర్దుకుంటుంది, రక్తం పరిమాణం చాలావరకు వెనక్కి వస్తుంది. అప్పటికి రక్తనాళాలు వదులై బీపీ తక్కువగానే నిలుస్తుంది. అందుకే గోలి మొదలుపెట్టిన కొత్తలో, డోసు పెంచిన కొత్తలో జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇంకొకటి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉన్నవారిలో, వయసు పైబడినవారిలో, షుగర్ ముదిరినవారిలో ఈ రిఫ్లెక్స్ ముందే మందగించి ఉంటుంది. గోలి మానేసి బీపీని పెరగనిస్తే ఆ మందగింపు ఇంకా పెరుగుతుంది. మానేయడం మందు కాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కావలసినవి

మోచేతి పైన దండకు పట్టీ చుట్టే ఆటోమేటిక్ బీపీ మిషన్. మణికట్టుకు పెట్టే రకం ఈ పనికి వద్దు. పట్టీ మీ దండకు సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది.

మంచం, గడియారం లేదా ఫోన్, ఒక నోట్‌బుక్, పెన్ను.

పక్కన ఒక మనిషి. ఇది తప్పనిసరి. నిలబెట్టి చూసే పరీక్ష ఇది, కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లు ఉండాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు దీన్ని ఇంట్లో చేసుకోవద్దు. దగ్గర్లోని సబ్ సెంటర్‌కో, బస్తీ దవాఖానకో వెళ్లి “పడుకోబెట్టి, నిలబెట్టి రెండుసార్లు చూడండమ్మా” అని అడగండి. మిషన్ లేనివారికీ అదే దారి.

ఎప్పుడు చూడాలి

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, గోలి వేసుకోకముందు ఒకసారి. రాత్రంతా నీళ్లు తాగం కాబట్టి పొద్దుటి పూటే బీపీ ఎక్కువగా పడుతుంది. గోలి వేసుకున్న మూడు నాలుగు గంటలకు ఇంకోసారి. ఫ్యూరోసమైడ్ అయితే గంట, రెండు గంటలకే చూడండి, దాని పని అంత తొందరగా మొదలవుతుంది. ఇలా మూడు రోజులు. ఏ పూటైనా కళ్లు తిరిగినట్లయితే ఆ పూట కూడా చూడండి.

చాయ్, బీడీ, సిగరెట్ ముట్టి అరగంట దాటాలి. తిన్న వెంటనే వద్దు.

చేసే పద్ధతి

1. పట్టీని మోచేతి మడత కంటే రెండు వేళ్లు పైన, బట్ట మీద కాకుండా ఒంటి మీద చుట్టండి. వెల్లకిలా పడుకోండి. తలకింద ఒక్క దిండు చాలు. ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉండండి. ఐదు నిమిషాలంటే ఐదే. రెండు నిమిషాలకే మీట నొక్కితే మొదటి అంకె తప్పుతుంది, దాంతో పోల్చే అన్నీ తప్పుతాయి.

2. పడుకునే ఉండి బీపీ చూడండి. పై నంబరు, కింది నంబరు, పల్స్ మూడూ రాయండి. పల్స్ ఎందుకని వదిలేస్తారు చాలామంది. వదలకండి, దాని పని ముందుంది.

3. పట్టీ విప్పకుండా లేచి నిలబడండి. ఈ పరీక్షకు మధ్యలో మంచం అంచున కూర్చోవద్దు, నేరుగా లేవాలి. పక్కనున్నవాళ్లు మీ రెండో చేయి పట్టుకోవాలి. నిలబడగానే ఫోన్‌లో టైమ్ మొదలుపెట్టండి.

4. పట్టీ ఉన్న చేతిని గుండె ఎత్తుకు తెచ్చి దేనిమీదైనా ఆనించండి. అల్మారా అర, కిటికీ గడప, పక్కన నిలబడ్డ మనిషి భుజం, ఏదైనా సరే. చేయి వదులుగా ఉండాలి, మీరే గాల్లో ఎత్తి పట్టుకోవద్దు.

5. నిలబడిన 1 నిమిషానికి మీట నొక్కండి. మూడు అంకెలూ రాయండి.

6. అలాగే నిలబడి ఉండి 3 నిమిషాలకు మళ్లీ నొక్కండి. రాయండి.

7. ఆ మూడు నిమిషాల్లో ఏమనిపించిందో రాయండి: కళ్లకు చీకట్లు, తల తేలికైపోవడం, మెడ వెనక, భుజాల్లో నొప్పి, కాళ్లు వణకడం, ఏమీ లేదు. ఏమీ లేకపోతే ‘ఏమీ లేదు’ అని రాయండి.

హెచ్చరిక: కళ్లకు చీకట్లు కమ్మితే 3 నిమిషాల కోసం పట్టుపట్టి నిలబడకండి. వెంటనే పడుకోండి, కాళ్ల కింద దిండ్లు పెట్టించుకోండి. ‘నిలబడలేకపోయారు’ అని రాస్తే డాక్టరుకు అదే పెద్ద సమాచారం. అసలే నిలబడలేని మనిషైతే మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి చూడండి. అప్పుడు తగ్గుదల కాస్త తక్కువగా కనబడుతుంది కాబట్టి ‘కూర్చోబెట్టి’ అని పక్కన రాయడం మరవద్దు.

అంకెలు చదవడం

పడుకున్నప్పటి కంటే నిలబడ్డాక పై నంబరు 20 లేదా అంతకంటే ఎక్కువ పడినా, కింది నంబరు 10 లేదా అంతకంటే ఎక్కువ పడినా నిలబడితే బీపీ పడిపోతోందనే అర్థం. పడుకున్నప్పుడే బీపీ బాగా ఎక్కువగా ఉన్నవారికి పై నంబరులో 30 పాయింట్ల తగ్గుదలను లెక్కలోకి తీసుకుంటారు. ఎంత తగ్గిందన్నది పక్కనపెట్టి, నిలబడ్డాక పై నంబరు 90 లోపుకు వస్తే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు పల్స్. మామూలుగా నిలబడితే నిమిషానికి 10, 15 పెరుగుతుంది. బీపీ పడి, పల్స్ బాగా పెరిగిందంటే రిఫ్లెక్స్ తన పని తాను చేస్తోంది, ఒంట్లో నీరే తక్కువైంది అనుకోవచ్చు. బీపీ పడినా పల్స్ పెద్దగా కదలలేదంటే, అంటే పై నంబరు పడినదాంట్లో సగం కూడా పెరగలేదంటే, నరాల వైపు చూడాలి. ఏళ్ల నాటి షుగర్ ఉన్నవారిలో ఇది కనిపిస్తుంది. అయితే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి ‘లాల్’ మందులు వేసుకునేవారికి పల్స్‌ను ఆ మందే పట్టి ఉంచుతుంది. వారికి, పేస్‌మేకర్ ఉన్నవారికి, గుండె లయ తప్పి కొట్టుకునేవారికి ఈ లెక్క వర్తించదు.

మా బాపు నోట్‌బుక్‌లోని ఒక పేజీ చూపిస్తాను. ఆయనకు మూత్రం మందు కలిపిన మూడో వారం. ఎండాకాలం. రెండు రోజులు విరేచనాలయ్యాయి, ఎవరికీ చెప్పలేదు, గోలి మాత్రం టైమ్ తప్పకుండా వేసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి మూత్రానికి లేచి గడప దగ్గర పడిపోయాడు. నుదుటి మీద మూడు కుట్లు. అంతకు వారం ముందే కూర్చోబెట్టి చూసిన బీపీ 130/80, అందరం సంబరపడ్డాం. కుట్లు వేయించుకొని ఇంటికొచ్చాక చూస్తే ఇలా ఉంది:

పడుకొని 142/84, పల్స్ 72.
నిలబడి 1 నిమిషం 114/70, పల్స్ 96.
నిలబడి 3 నిమిషాలు 116/72, పల్స్ 98. కళ్లు తిరిగినయి.

పై నంబరు 28 పడింది. పల్స్ 24 పెరిగింది. నీరు తక్కువైందని అంకెలే చెప్పాయి. డాక్టరు మూత్రం మందును నాలుగు రోజులు ఆపించి, ఓఆర్‌ఎస్ తాగించి, రక్తపరీక్ష చేయించి, ఆ తర్వాత సగం డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. గోలిది తప్పు కాదు. విరేచనాలప్పుడు ఏం చేయాలో ముందే అడిగి ఉండాల్సింది నేను. ఆ కుట్ల మచ్చ చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది చేతిని కిందికి వేలాడేయడం. నిలబడి చేయి పక్కన వదిలేస్తే పట్టీ గుండె కంటే కిందికి పోతుంది, మిషన్ ఉన్నదానికంటే ఆరేడు పాయింట్లు, కొందరిలో పదికి పైగా ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 22 పడితే మీకు 14 పడినట్లు కనబడుతుంది, ‘ఏమీ లేదులే’ అనుకుంటారు. దొరకాల్సిన జబ్బు దొరకకుండా పోయేది ఇక్కడే. అనుమానంగా ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి: నిలబడే ఉండి ఒకసారి చేయి వేలాడేసి, ఒకసారి గుండె ఎత్తున ఆనించి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండోది, నిలబడగానే మీట నొక్కడం. లేచిన మొదటి 15, 30 సెకన్లలో బీపీ ఒక్కసారి దిగి మళ్లీ ఎక్కడం చాలామందికి మామూలే. మిషన్ ఒక్క కొలతకు అరనిమిషం పైగా తీసుకుంటుంది, ఆ గడబిడలో వచ్చే అంకెను నమ్మలేం. మరి లేచిన పది సెకన్లకే చీకటి కమ్మి వెంటనే సర్దుకునేవారి సంగతి? వారికి ఈ కొలతల్లో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు ‘లేచిన వెంటనే, కొద్ది క్షణాలు’ అని రాసి డాక్టరుకు చెప్పండి.

ఒక్కరోజు చూసి నిర్ణయానికి రావడం కూడా తప్పే. ఒకరోజు పడుతుంది, మర్నాడు పడదు. మూడు రోజులు అన్నది అందుకే.

ఇక మాట్లాడుతూ చూడటం, మూత్రం బిగబట్టుకొని చూడటం, స్వెటర్ మీద పట్టీ చుట్టడం. ఇవన్నీ అంకెను పెంచేవే.

పడుతోందని తేలితే ఏం చేయాలి

నోట్‌బుక్ తీసుకొని గోలి రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. వేసుకునే మందులన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, నిద్రమాత్రలు, డిప్రెషన్ మందులు కూడా నిలబడితే బీపీని పడేస్తాయి. బీపీ డాక్టరుకు ప్రోస్టేట్ గోలి సంగతి చెప్పనివారు ఎందరో. మోకాళ్ల నొప్పులకు తెచ్చుకునే డైక్లోఫెనాక్ గురించి కూడా చెప్పాలి. అది మూత్రం మందు పనిని తగ్గిస్తుంది, పైగా మూత్రం మందు, టెల్మిసార్టాన్ రకం మందు, ఈ నొప్పి గోలి మూడూ కలిస్తే కిడ్నీ మీద భారం పడుతుంది.

సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షల గురించి అడగండి. మూత్రం గోలి మొదలుపెట్టిన, డోసు పెంచిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి ఒకసారి చూసుకోవాలి. పిక్కలు పట్టేయడం, గుండె దడ పొటాషియం తగ్గితే రావచ్చు. పెద్దవయసు ఆడవాళ్లు, ముఖ్యంగా బక్కగా ఉన్నవారు, గోలి మొదలైన కొత్తలో మబ్బుగా, మాట తడబడుతూ, మతిమరుపుగా ఉంటే సోడియం పడిపోయిందేమో చూడాలి. ‘వయసు మీద పడింది’ అని ఊరుకోకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లో:

లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చోండి. పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించండి, పిడికిళ్లు బిగించి వదలండి, అప్పుడు లేవండి. నిలబడ్డాక చీకట్లు వస్తే కాలు మీద కాలు మెలేసి తొడలు గట్టిగా బిగించండి, లేదా వెంటనే కూర్చోండి. రాత్రి మూత్రానికి లేచేవారికి మంచం పక్కనే లైటు మీట ఉండాలి. మగవాళ్లు కూర్చొని మూత్రం పోయడం మంచిది.

మూత్రం గోలిని పొద్దునే వేసుకోండి. సాయంత్రం వేసుకుంటే రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది, పడిపోయేది కూడా ఆ లేవడంలోనే. పొద్దున బస్సు ప్రయాణం ఉందని గోలి ఎగ్గొట్టేవారు, ఏ టైమ్‌కు జరుపుకోవచ్చో డాక్టరును అడిగి పెట్టుకోండి.

నీళ్ల విషయంలో అందరికీ ఒకే మాట చెప్పలేను. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవారు ఆ కొలతే పాటించాలి. మిగతావారు మూత్రం ఎక్కువ వస్తుందని నీళ్లు తగ్గించడం మానుకోండి. కళ్లు తిరుగుతున్నాయని ఉప్పు కలిపిన మజ్జిగ గ్లాసులకు గ్లాసులు తాగడం కూడా వద్దు, మీది బీపీ ఒళ్లు. ఉప్పు వేయని మజ్జిగ, అంబలి, పలుచని జావ మంచివి.

మన ఎండల గురించి

రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పనక్కర్లేదు. ఎండకు చర్మంలోని రక్తనాళాలు వదులవుతాయి, చెమటలో నీరు, ఉప్పు పోతాయి. దాని మీద మూత్రం గోలి. మిరప చేనులో వంగి కాయ ఏరేవారు ఒక్కసారిగా నడుము ఎత్తినప్పుడు, ఎనుమాముల మార్కెట్‌లో గంటల తరబడి నిలబడినప్పుడు పడిపోవడం ఇలాగే. వంగి పనిచేసేటప్పుడు ముందు మోకాళ్ల మీద కూర్చొని, తర్వాత మెల్లగా లేవండి. కల్లు కూడా రక్తనాళాలను వదులు చేసి మూత్రం పెంచుతుంది. ఎండకు చల్లదనమని తాగి తాటి చెట్టు కింద నుంచి లేవబోయి పడినవారిని చూశాను. కడుపు నిండా తిన్నాక గంట, రెండు గంటల్లో కూడా పెద్దవాళ్లకు బీపీ దిగుతుంది, తినగానే ఎండలోకి నడవకండి.

మార్చి నెలలోనే డాక్టరును ఒక్కమాట అడగండి: “ఎండలకు డోసు మార్చాలా? వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తే ఏ గోలి ఆపాలి, ఎన్ని రోజులు?” జవాబును నోట్‌బుక్ మొదటి పేజీ మీద రాయించుకోండి. ఇంట్లో అందరికీ కనబడాలి.

ఆగకుండా వెళ్లాల్సినవి

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పక్క చేయి కాలు పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, మలం నల్లగా తారులా పోయినా 108కి ఫోన్ చేయండి. పడి తలకు దెబ్బ తగిలి, రక్తం పలుచబడే మందులు వేసుకుంటున్నవారైతే గాయం చిన్నదైనా చూపించాలి.

మందు మార్చాక

డోసు తగ్గించినా, గోలి మార్చినా పని అయిపోలేదు. రెండు వారాలకు ఇవే కొలతలు, అదే టైమ్‌కు, అదే చేతికి, అదే మిషన్‌తో మూడు రోజులు మళ్లీ చూడండి. ఈసారి రెండు సంగతులు గమనించాలి: నిలబడితే పడడం తగ్గిందా, పడుకున్నప్పటి బీపీ మళ్లీ పెరిగిందా. మా బాపుకు సగం డోసు మీద పడుకొని 138/82, నిలబడి 1 నిమిషానికి 130/80, పల్స్ 74 నుంచి 84 వచ్చింది. ఇప్పుడు కూడా ఉగాదికి ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి ఆయనను పడుకోబెట్టి, నిలబెట్టి చూస్తాను. చేయి ఆనించేది నా భుజం మీదే.